విజయవాడ, గుంటూరు పరిసరాల అడవి పూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండపల్లి అడవి అంచున, కొండవీటి ఘాట్ రోడ్డు మీద, కృష్ణ కరకట్ట వెంట పూల కాలంలో మాతో నడవడానికి వచ్చేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ సమాధానాలతో కూర్చాం. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా ప్రభుత్వ భూముల్లో పూసే మన నేల పూల గురించే ఈ ప్రశ్నలన్నీ. పువ్వు కాయై, కాయ ఎండి, విత్తనం నేల మీద రాలేదాకా ఆ మొక్కను దాని చోట ఉండనివ్వాలన్నది మేము అందరినీ కోరే మొదటి విషయం. కింది సమాధానాల్లో చాలావరకు దానికి కారణాలే కనిపిస్తాయి.

అడవి పూలు అంటే వేటిని అంటున్నారు? పొలాల్లో మేము పీకే కలుపు కూడా అందులోకి వస్తుందా?

మనిషి విత్తకుండా తనంతట తానుగా మొలిచి పూసే మొక్కల్లో, ఈ ప్రాంతానికి సహజంగా చెందినవాటిని మేము అడవి పూలు అంటున్నాం. ఇక్కడి మట్టి, ఇక్కడి వాన, ఇక్కడి తేనెటీగలు, సీతాకోకచిలుకలతో ఎన్నో వేల ఏళ్ళుగా కలిసి బతుకుతూ వచ్చినవి అవి. తుమ్మి, విష్ణుక్రాంత, నేలవాకుడు వంటి చిన్న మొక్కలతో పాటు తంగేడు వంటి పొదలూ, అడవినాభి వంటి తీగలూ, మోదుగ, రేల, కొండగోగు వంటి చెట్లూ ఇందులో ఉన్నాయి. పత్తి చేలో మొలిచిన తుమ్మిని పీకవద్దని మేము ఏ రైతుకూ చెప్పం. మా మాటలన్నీ పొలం గట్టుకు అవతల ఉన్న ఉమ్మడి నేల గురించే.

గడ్డి చామంతి, బిళ్ళగన్నేరు, లాంటానా కూడా ఊరంతా పూస్తున్నాయి కదా, అవి మన పూలు కావా?

కావు. ఈ మాట వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే పుట్టినప్పటినుంచీ ఈ పూలను చూస్తూనే పెరిగాం. దెబ్బ తగిలితే ఆకు పసరు పిండుకునే గడ్డి చామంతి మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది. బిళ్ళగన్నేరూ, ఎండాకాలంలో ఎర్రగా విరబూసే తురాయీ మడగాస్కర్ దీవి నుంచి వచ్చాయి. కాగితప్పూల చెట్టు దక్షిణ అమెరికాది. పండగలకు గుమ్మాలకు కట్టే బంతి సైతం మెక్సికో మొక్కే. మెట్ట నేలల్లో ముళ్ళతో, పసుపుపచ్చని పూలతో కనిపించే బలురక్కసి కూడా అక్కడిదే; దాని గింజలు ఆవాలలో కలిస్తే ఆ నూనె తిన్నవారికి ఒళ్ళు వాచే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది.

బయటినుంచి వచ్చిన ప్రతి మొక్కా శత్రువేమీ కాదు. బంతి పువ్వు తోటలో ఉన్నంతకాలం ఎవరికీ హాని చేయదు. బయటికి పాకి, తక్కిన మొక్కలను బతకనివ్వకుండా నేలనంతా ఆక్రమించేవాటితోనే చిక్కు. మన దగ్గర ఇలాంటివి ముఖ్యంగా ఐదు ఉన్నాయి: కొండ వాలుల్లో లాంటానా, పోరంబోకుల్లో సర్కారు తుమ్మ, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ, కాలువ అంచుల్లో తూటికాడ, నీటి మీద గుర్రపు డెక్క. ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో గుర్రపు డెక్క లేత ఊదారంగు పూలతో నిండినప్పుడు చూడటానికి అందంగానే ఉంటుంది, ఫోటోలు తీసుకునేవారూ ఉన్నారు. కానీ అనుకూలమైన నీటిలో అది రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. దాని కిందికి వెలుతురు చేరదు, నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, అదే నీటిలో పూయవలసిన కలువకు చోటు మిగలదు.

ఏ కాలంలో ఏ పూలు చూడవచ్చు? ఎక్కడికి వెళ్ళాలి?

మన ప్రాంతంలో పూల కాలాలు రెండు. మొదటిది చెట్లది, రెండవది నేలది.

చెట్ల కాలం శివరాత్రికి అటూ ఇటూగా మొదలవుతుంది. ఆకు రాల్చిన అడవిలో బూరుగు, మోదుగ ఎర్రగా పూస్తాయి. రాతి కొండల మీద, ఒక్క ఆకూ లేని కొమ్మల చివర, అరచేతిలో సగం ఉండే పసుపుపచ్చని పూలతో కనిపించేది కొండగోగు. దీని బంక కొనేవారు చాలామంది ఉన్నారు, పువ్వును చూసినవారు తక్కువ. ఎండలు ముదిరేసరికి ఊడుగ, అంకుడు తెల్లగా, సువాసనతో పూస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రేల చెట్టు పసుపుపచ్చని పూల గుత్తులు వేలాడదీస్తుంది. కొండపల్లి రిజర్వు అడవి ఈ కాలానికి తగిన చోటు. కొండపల్లి బొమ్మలకు ప్రాణమైన తెల్ల పొనికి చెట్టు కూడా ఇటువంటి ఎండు ఆకురాల్చు అడవుల మొక్కే.

నేల కాలం తొలకరితో మొదలై కార్తీకం దాకా సాగుతుంది, మా దృష్టిలో అసలైన పూల కాలం ఇదే. తొలి వానలు పడిన కొద్ది రోజులకు నేలతాడి, తాటి మొలకను పోలిన ఆకుల మధ్య, దాదాపు నేలకు ఆనుకునే, పసుపుపచ్చని చుక్కల్లాంటి పూలు పూస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో తుమ్మి, తంగేడు, తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు కనిపిస్తాయి. పొదలను పట్టుకుని పైకి పాకే అడవినాభి కూడా అప్పుడే పూస్తుంది. దాని ఆకుల కొసలే నులితీగలుగా మారి ఆధారాన్ని చుట్టుకుంటాయి. ఆరు రేకులూ అంచులు ముడతలు పడి వెనక్కి మడుచుకుని, మొదట ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా, చివరకు నిప్పు ఎరుపుగా మారతాయి కాబట్టి ఒకే తీగ మీద మూడు రంగుల పూలు ఒకేసారి కనిపిస్తాయి. దసరా దాటాక ముళ్ళగోరింట వంతు వస్తుంది.

విష్ణుక్రాంతను చూడాలంటే మాత్రం పొద్దున్నే రావాలి. సన్నని కాడలతో నేల మీద పరుచుకునే ఆ మొక్కకు చిటికెన వేలి గోరంత నీలి పూలు ఉదయం విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. పదకొండు గంటలకు వచ్చి "ఇక్కడ ఏమీ లేదే" అని వెనుదిరిగేవారు ఎందరో ఉంటారు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే తప్ప ఈ పువ్వు కనపడదు.

గుంటూరు వైపు ఉన్నవారికి కొండవీడు మంచి చోటు. జిల్లాల విభజన తర్వాత అది పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది, ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి పెద్దవారిని కూడా తీసుకువెళ్ళవచ్చు. అంత దూరం వెళ్ళలేనివారు ఇంటికి దగ్గరలో ఉన్న కాలువ గట్టునో, రైలు కట్ట పక్క నేలనో, మంగళగిరి, ఉండవల్లి కొండల అంచునో చూడండి. సూర్యలంక తీరానికి వెళ్ళేవారు ఇసుక మీద ఊదారంగు పూలతో పాకే బాలబంద తీగను గమనించండి. గాలికి కదిలే ఇసుకను పట్టి ఉంచేది అదే.

మొక్కల పేర్లు తెలియకపోతే ఎలా?

ముందు ఊళ్ళో పెద్దవారినీ, మేకలు కాసేవారినీ అడగండి. ఏ ఆకును మేక ముట్టదో వారికి తెలుసు, ఆ జ్ఞానం పుస్తకాల్లో అరుదుగా దొరుకుతుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కూడా వాటికి ఇక్కడివారు పిలిచే తెలుగు పేర్లను రాసుకున్నాడు. ఫోటోతో మొక్కను గుర్తించడానికి ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పువ్వును మాత్రమే తీస్తే చాలదు. ఆకు పైభాగం, అడుగుభాగం, కాండం, కాయ, మొక్క మొత్తం విడివిడిగా తీస్తేనే గుర్తించేవారికి పని సులువవుతుంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖ ఉంది, చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల్లో కూడా ఆ శాస్త్రం బోధించే అధ్యాపకులు ఉన్నారు. మర్యాదగా అడిగితే చెప్పనివారు అరుదు.

అరుదైన మొక్క కనపడితే మాత్రం అది ఉన్న చోటును అందరికీ తెలిసేలా పెట్టవద్దు. ఆ యాప్‌లలో చోటును మరుగుపరిచే సదుపాయం ఉంది, దాన్ని వాడండి.

ఈ స్థలాలన్నీ ఎవరి అధీనంలో ఉంటాయి?

కొండపల్లి వంటి రిజర్వు అడవులు అటవీ శాఖవి, కాలువ గట్లూ కరకట్టలూ జలవనరుల శాఖవి. రోడ్డు మార్జిన్లు ఆ రోడ్డును బట్టి జాతీయ రహదారుల సంస్థకో, రోడ్లు భవనాల శాఖకో, పంచాయతీకో, నగరపాలక సంస్థకో చెందుతాయి. ఉండవల్లి గుహల ఆవరణ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుడి భూముల్ని దేవాదాయ శాఖ చూస్తుంది. రిజర్వు అడవి లోపలికి వెళ్ళాలంటే సంబంధిత అటవీ రేంజి కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకోవాలి. మూలపాడులోని సీతాకోకచిలుకల పార్కు వంటి సందర్శన స్థలాలకు టికెట్టు ఉంటే సరిపోతుంది.

ప్రభుత్వ భూమే కదా, నాలుగు పూలు కోసుకుంటే ఏమవుతుంది?

రిజర్వు అడవిలో అయితే అది చట్ట విరుద్ధం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం పూలు కూడా అటవీ ఉత్పత్తి కిందికే వస్తాయి, అనుమతి లేకుండా తీసుకురాకూడదు. అడవి మీద ఆధారపడి బతికే గిరిజనుల హక్కులను 2006 నాటి అటవీ హక్కుల చట్టం వేరుగా గుర్తించింది, ఆ సంగతికీ సరదాకు కోసుకునే మన సంగతికీ సంబంధం లేదు.

చట్టం పక్కన పెట్టి చూసినా, కోయకపోవడానికి అంతకంటే గట్టి కారణం ఉంది. వానాకాలపు చిన్న మొక్కల్లో చాలావాటి ఆయుష్షు ఒక్క కాలమే. తుమ్మి మొక్క చలికాలంలో చచ్చిపోతుంది, వచ్చే ఏడు అక్కడ తుమ్మి ఉండాలంటే ఈ ఏటి విత్తనమే ఆధారం. విత్తనం పట్టక ముందే పువ్వు కోస్తే వచ్చే ఏటి మొక్కను ఈ ఏడే తీసేసినట్టు. ఆదివారం నాడు కొండకు వందమంది వచ్చి తలా నాలుగు పూలు కోస్తే మిగిలేదెంతో ఆలోచించండి. ఆ పూలు ఇంటికి చేరేలోపే వాడిపోతాయి కూడా.

వినాయక చవితి పత్రి మాటేమిటి? అది కూడా తప్పేనా?

తప్పు కాదు. ఇరవై ఒక్క పత్రాల పూజ మన పిల్లలకు మన మొక్కలను పరిచయం చేసే గొప్ప సంప్రదాయమని మేము నమ్ముతాం. ఉత్తరేణినీ, వాకుడునూ, వావిలినీ, జమ్మినీ పేరు పెట్టి పిలిచే పండగ మరొకటి లేదు. ఆ పండగ కోసం మొక్కలను కట్టలు కట్టలుగా వేళ్ళతో పీకి, మర్నాడు చెత్తబండిలో వేయడమే మమ్మల్ని బాధపెడుతుంది.

పూజకు ఒక్కో రకం నుంచి ఒక్క ఆకు చాలు. తులసి, మరువం, జాజి, గరిక, దానిమ్మ ఇంట్లో కుండీల్లోనే పెరుగుతాయి. మామిడి, రావి, మారేడు, జిల్లేడు, గన్నేరు వీధిలో దొరుకుతాయి. వాటి నుంచి రెండు ఆకులు తెంపితే మొక్కకు నష్టం లేదు. విష్ణుక్రాంత విషయంలోనే జాగ్రత్త పడాలి. అది పూస్తున్న కాలం, పండగ కాలం ఒకటే కాబట్టి, వేరుతో లాగకుండా ఒక కాడ చివర గిల్లుకుంటే మిగతా మొక్క నిలుస్తుంది.

మరో సంగతి. వయ్యారిభామ ఆకు మాచిపత్రిని పోలి ఉంటుంది, బజారులో కట్టలు కొనేటప్పుడు చూసుకోండి. మాచిపత్రి ఆకు నలిపితే ఘాటైన సువాసన వస్తుంది, అడుగున తెల్లని నూగు ఉంటుంది. వయ్యారిభామ కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం తెప్పిస్తుంది కాబట్టి అది పూజగదిలోకి రాకుండా ఉండటమే మంచిది.

మొక్కను వేరుతో తవ్వి తెచ్చి ఇంట్లో పెంచుకోవచ్చా?

వద్దు. తవ్వి తెచ్చినవాటిలో చాలావరకు కుండీలో బతకవు. సుగంధిపాల, నేలతాడి, అడవినాభి వంటివి వేరులోనో దుంపలోనో ప్రాణం దాచుకుంటాయి, వేరు తవ్వితే అక్కడ ఆ మొక్క కథ ముగిసినట్టే. పైగా అడవినాభి దుంపా, గింజా తీవ్రమైన విషం, పిల్లలున్న ఇంట్లో ఉండవలసిన మొక్క కాదు. పెంచుకోవాలనే కోరిక ఉంటే విత్తనంతో మొదలుపెట్టండి. చివరి ప్రశ్నలో ఆ పద్ధతి చెప్పాం.

రోడ్డు పక్కన, కాలువ గట్టున పిచ్చి మొక్కలు తీయవద్దంటే పాములూ దోమలూ పెరగవా?

అందరికంటే ఎక్కువగా మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన భయం కూడా. అందువల్ల కొంచెం వివరంగా చెబుతాం.

గడ్డి ఎన్నడూ కోయవద్దని మేము అనడం లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత కోయాలన్నదే విషయం. పాము ఉంటే కనపడేలా, మనుషులు నడిచే బాటకు ఇరువైపులా ఒక మీటరు మేర ఎప్పటికప్పుడు కోయాలి. మలుపుల్లో వాహనదారులకు ఎదురు వచ్చేది కనపడాలి కాబట్టి అక్కడా కోయాలి. ఇళ్ళను ఆనుకున్న చోట పూర్తిగా శుభ్రం చేయాలి. దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీటిలో. పొదల్లో పగలు తలదాచుకునే మాట నిజమే అయినా, ముందు తొలగించవలసినవి నీళ్ళు నిలిచిన గుంటలూ, పారేసిన టైర్లూ, కొబ్బరి చిప్పలూ.

ఇవన్నీ పోగా మిగిలిన నేల చాలా ఉంటుంది, దాని గురించే మా విన్నపం. ఇప్పుడు మన దగ్గర గట్లూ రోడ్డు పక్కలూ శుభ్రం చేసే పని ఎక్కువగా దసరాకు ముందు జరుగుతుంది. ఇంద్రకీలాద్రికి లక్షలమంది భక్తులు వచ్చే సమయం కాబట్టి ఆ తొందర అర్థమవుతుంది. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే తుమ్మి, గునుగు, విష్ణుక్రాంత, తంగేడు నిండుగా పూసి ఉంటాయి, విత్తనం ఇంకా ముదరదు. అదే కోతను, అవసరమైన చోట్ల తప్ప, సంక్రాంతి తర్వాతికి జరిపితే వానాకాలపు మొక్కల విత్తనాలు అప్పటికే నేల మీద రాలి ఉంటాయి. వేసవిలో అంటుకోవడానికి ఎండుగడ్డి కూడా మిగలదు. ఖర్చు అదే, కూలీలూ వారే, తేదీ ఒక్కటే మారుతుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో రహదారుల శాఖ ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి పాటిస్తూ, వసంతంలో పూలు విత్తనం పట్టేదాకా రోడ్డు పక్క కోతను ఆపుతుంది. చల్లగా ఉండే దేశాలకే చెల్లే పద్ధతి కాదిది, టెక్సాస్ వేసవి మన వేసవికి తీసిపోదు.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్ళీ 2028లో వస్తాయి. ఘాట్ల చుట్టూ పెద్ద ఎత్తున చదును చేసే పనులు అప్పుడు తప్పవు. ఏ గట్టును వదిలిపెట్టవచ్చో ఇప్పటినుంచే గుర్తించి అధికారులకు చెబితే వినే అవకాశం ఎక్కువ.

కాలువ గట్ల విషయంలో ఇంజనీర్ల మాట వినాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ నీట మునిగిన తర్వాత గట్టు భద్రత మీద రాజీ పడమని ఎవరూ అడగరు, మేము అసలే అడగం. గట్టు మీద పెద్ద చెట్ల వేళ్ళు లోతుగా దిగితే ప్రమాదం, పగుళ్ళు కనపడకుండా పొదలు కమ్ముకున్నా ప్రమాదమే. గడ్డీ, నేల మీద పాకే చిన్న మొక్కలూ వాన కోతనుంచి మట్టిని కాపాడతాయి. కలుపు మందు కొట్టి నేలను బోడి చేస్తే తొలి వానకే గట్టు గాట్లు పడుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చిన సంగతీ గుర్తుంచుకోవాలి.

ఖాళీ నేల కనిపిస్తే చెట్లు నాటడం మంచిదే కదా? విత్తన బంతులు (మట్టిలో విత్తనాలు చుట్టిన ఉండలు) చల్లవచ్చా?

అన్ని చోట్లా మంచిది కాదు. రాతి కొండ మీది పలుచని మట్టిలో గడ్డీ చిన్న పూలూ ఉంటే అది ఖాళీ నేల కాదు, అక్కడి సహజ స్థితే అది. అక్కడ గోతులు తీసి కోనోకార్పస్ వంటి పరాయి మొక్కలు నాటితే ఉన్నవి పోతాయి. ఏ విత్తనమో తెలియని బంతులు కొండల మీద విసిరితే కూడా అంతే. నాటాలనుకుంటే నీడ నిజంగా అవసరమైన బస్టాపుల దగ్గర, బడి ఆవరణల్లో, రేల, కానుగ, పొగడ, వేప నాటండి.

లాంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామలను మేమే వెళ్ళి తీసేయవచ్చా?

వయ్యారిభామను మీ వీధిలో, బడి ఆవరణలో నిరభ్యంతరంగా తీయవచ్చు, కాకపోతే పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వానకు నేల మెత్తబడినప్పుడు వేరుతో లాగాలి. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది కాబట్టి పూసిన తర్వాత పీకి అక్కడే పారేస్తే మేలు కంటే కీడు ఎక్కువ. 1950ల మధ్యలో పుణె దగ్గర తొలిసారి కనపడిన ఈ మొక్క దేశమంతా ఎలా పాకిందో చూస్తే దాని శక్తి తెలుస్తుంది.

లాంటానాను పైపైన నరికితే మరింత గుబురుగా చిగురిస్తుంది. వేరు మొదలు దగ్గర, నేలకు కొద్దిగా కింద, తల్లివేరును నరికి పొదను తలకిందులుగా తిప్పి పెట్టాలి. ఆ తర్వాత రెండు మూడేళ్ళు అక్కడ మొలిచే పిల్లమొక్కలను పీకుతూ ఉండాలి. రిజర్వు అడవిలో ఈ పని అటవీ సిబ్బంది సమక్షంలోనే చేయాలి, ఉత్సాహం కొద్దీ వెళ్ళి నరికితే అది నేరమే అవుతుంది.

సర్కారు తుమ్మ సంగతి ఇంత తేలిక కాదు. పల్లెల్లో వంటచెరకుగా, బొగ్గుగా దాని మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. దాని కాయలు గొర్రెలూ మేకలూ తిని పెంటలో గింజలు మోసుకుపోతాయి కాబట్టి మందలు తిరిగే దారుల వెంట అది పాకుతుంది. ఊరివారితో మాట్లాడకుండా ఈ పని మొదలుపెట్టకూడదన్నది మా అభిప్రాయం.

ఈ పూల వల్ల రైతుకూ, ఊరికీ ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. కృష్ణ లంక భూముల్లో పండే దోస, బీర, కాకర, గుమ్మడిలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. తేనెటీగ వాలకపోతే పిందె నిలవదు. పంట పూత ఏడాదిలో కొద్ది వారాలే ఉంటుంది, మిగతా నెలల్లో ఆ తేనెటీగలు బతికేది గట్ల మీది పూల మీదే.

జిల్లేడు పువ్వును దగ్గరగా చూడండి. నడుమ కిరీటంలాంటి భాగం ఉంటుంది. దాని పుప్పొడి పొడిగా రాలదు, రెండేసి చిన్న సంచులుగా జతకట్టి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద వాలినప్పుడు ఆ జత దాని కాలికి తగులుకుని మరో పువ్వు చేరుతుంది. ఇంత బలమైన పురుగు లేకపోతే జిల్లేడు కాయ కట్టడం కష్టం. నారింజ రెక్కలకు నల్ల అంచూ తెల్ల చుక్కలూ ఉన్న సీతాకోకచిలుక తన గుడ్లను ఈ ఆకుల మీదే పెడుతుంది. గుంటూరు నల్లరేగడి గట్ల మీద నేలబారుగా పెరిగే గాడిదగడపాకు మీద, ఎర్రని ఒళ్ళూ నల్లని రెక్కలూ ఉన్న మరో సీతాకోకచిలుక గొంగళి పెరుగుతుంది. ఎవరూ విలువ కట్టని మొక్క అది, అది లేకపోతే ఆ సీతాకోకచిలుకా ఆ గట్టున ఉండదు.

బడి పిల్లలను తీసుకువెళ్ళాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉదయం ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. బూట్లు తప్పనిసరి. ఉమ్మెత్త, గన్నేరు, అడవినాభి, గురివింద గింజలు విషమని బయలుదేరక ముందే చెప్పాలి. ఏదీ నోట్లో పెట్టకూడదన్నది ఒక్కటే నియమంగా పెడితే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, దాన్ని తుంచనివ్వవద్దు. మొక్కలను కోసి, ఎండబెట్టి హెర్బేరియం పుస్తకంలో అతికించే ప్రాజెక్టు బదులు, ఒక్కో జట్టుకు ఒక్కో మొక్కను అప్పగించి, మొగ్గ నుంచి విత్తనం రాలేదాకా వారం వారం బొమ్మ గీయించండి. దగ్గరి గట్టు మీది మొక్కనైతే ఇది ఏ ఖర్చూ లేకుండా సాగుతుంది.

ఎక్కువమందికి తెలిస్తే ఈ చోట్లు తొక్కిడికి పాడైపోవా?

పాడవుతాయి, అదుపు లేకపోతే. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమి పూల కాలంలో జనం పోటెత్తడం వల్లనే అక్కడ సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టి, ముందుగా టికెట్లు తీసుకునే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ 1982లో జాతీయ ఉద్యానవనం అయింది, అక్కడ రాత్రి బసకు అనుమతి లేదు. మన కొండలకు అంత జనం ఇంకా రావడం లేదు గానీ, కార్తీక వనభోజనాల ఆదివారాల్లో పరిస్థితి దగ్గరగానే ఉంటుంది. ఉసిరి చెట్టు కింద భోజనం మన పెద్దలు పెట్టిన మంచి ఆచారం. ఆ చెట్టు కిందే ప్లాస్టిక్ గ్లాసులూ, ఆర్పని పొయ్యీ వదిలి రావడం ఆ ఆచారంలో లేదు. ఉన్న బాటలోనే నడవాలి, ఫోటో కోసం పూల మధ్య కూర్చోకూడదు, నిప్పు రాజేయకూడదు.

అయినా తెలియడమే మంచిదని మేము అనుకుంటాం. ఎవరికీ తెలియని గట్టు చదునైపోతే అడిగేవారు ఉండరు.

మా దగ్గరి గట్టునో, పోరంబోకునో కాపాడాలంటే ఎవరికి చెప్పాలి?

ముందుగా రుజువులు పోగుచేయండి: ఏ మొక్కలు, ఏ నెలలో, ఎంత మేర పూస్తున్నాయో ఫోటోలతో ఒక ఏడాది రాసిపెట్టుకోండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ, ప్రతి నగరపాలక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేసుకుని, స్థానికుల సాయంతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయాలి. మీ జాబితాను ఆ రిజిస్టరులో చేర్చమని రాతపూర్వకంగా కోరండి. కమిటీ పేరుకే ఉన్న చోట గ్రామసభలో అడగవచ్చు. కోత తేదీ మార్చమనే విన్నపాన్ని ఆ నేల ఏ శాఖదో తెలుసుకుని ఆ శాఖ స్థానిక ఇంజనీరుకు ఇవ్వండి. అక్కడ పని కాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టవచ్చు. చెట్ల నరికివేత అయితే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టాన్ని ప్రస్తావించండి. "ఏమీ కోయవద్దు" అనే అర్జీ కంటే "ఫలానా చోటినుంచి ఫలానా చోటిదాకా జనవరిలో కోయండి" అనే అర్జీకి ఫలితం ఎక్కువగా ఉంటుంది.

మా పెరట్లోనో, అపార్టుమెంటు ఆవరణలోనో ఈ పూలు పెంచాలంటే విత్తనాలు ఎలా సేకరించాలి?

సొంత స్థలాల నుంచో, యజమాని ఒప్పుకున్న పొలం గట్ల నుంచో మాత్రమే సేకరించండి, అదీ ఒక్కో మొక్కమీది కాయల్లో పదో వంతుకు మించకుండా. తంగేడు కాయ గోధుమరంగుకు తిరిగి ఆడిస్తే గలగలమన్నప్పుడు కోయాలి. దాని గింజకూ, రేల గింజకూ పైపెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి, మరిగించి దించిన నీటిలో వేసి, ఆ నీరు చల్లారి తెల్లవారేదాకా నాననిచ్చి, ఉబ్బినవాటిని విత్తాలి. తుమ్మి విషయంలో ఎండిన గుండ్రటి తలను కాగితం మీద దులిపితే సన్నని గింజలు రాలతాయి. వాటిని కాగితపు పొట్లంలో, నీడలో తొలకరి దాకా ఉంచి, గుల్లచేసిన నేల మీద చల్లి పైన మట్టి కప్పకుండా చేత్తో అదిమితే చాలు. ఎరువు వేయవద్దు, వేస్తే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. మొలకలు రెండు ఆకుల దశలో ఉన్నప్పుడు కలుపు తీసేవారికి చూపించి చెప్పకపోతే అవి కూడా కలుపుతో పాటే పోతాయి కాబట్టి, ఆ మడి చుట్టూ నాలుగు పుల్లలు పాతి తాడు కట్టండి.